ఇల్లొకచోట, పని యొకచోట



గతమాసమున నీ పుటయందు వేసవిలో నీటిపొదుపును గుఱించి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము ఇంటిని గుఱించి వ్రాయవలెనని కూర్చుంటిని. ఇంటిని గుఱించి యనగా వంటయింటి అమరికను గుఱించియో, అఱల సర్దుబాటును గుఱించియో కాదు. అవి యిచ్చట అనేకమాఱులు వచ్చినవి. ఇల్లు ఎక్కడ నుండవలెనను సంగతి. "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్న పెద్దల మాటలో కట్టుటలోని కష్టమే కలదు గాని, కట్టిన యిల్లు బజారునకు, బడికి, ఆసుపత్రికి, పనిచోటికి ఎంతదూరమున నుండవలెనో ఆ సామెతకు పట్టలేదు. ఆ కాలమున ఊరంతయు ఒక కేకదూరము గదా! ఇప్పుడట్లు కాదు.

మొన్న బంధువుల యింట శుభకార్యమునకై పలనాటిలోని యొక పట్టణమునకు పోయి నాలుగుదినము లుంటిని. ఊరిపేరు వ్రాయను, ఈ కథ ఇంచుమించుగా అన్ని యూళ్లకును చెల్లును. మా వారి పెరటిలో నొక గది కలదు. అందొక యిల్లాలు భర్తతోను, ఇంటరు చదువుచున్న కూతురితోను అద్దెకున్నది. భర్తది తాపీపని. ఆమె బస్సుస్టాండు వెనుకనున్న యొక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. గదికి నెలకు 2,500 రూపాయల అద్దె. తెల్లవాఱగనే ఆమె కుళాయివద్ద అంట్లు తోముకొనుచుండగా పలుకరించి, "సొంతయిల్లు లేదా అమ్మా?" అని యడిగితిని.

"ఉందక్కా. పట్టా నా పేరునే ఇచ్చారు. ఇల్లు నా పేరున ఉంది గానీ, ఆ ఇంట్లో నేను లేను" అని నవ్వినది.

ఆ మాట నన్ను వదలలేదు. ఆదివారమునాడు ఆమె తన యింటికి పోవుచుండగా నేనును వెంటబోతిని. బస్సుస్టాండునొద్ద షేరుఆటో యెక్కితిమి. అది నిండువఱకు కదలలేదు. ఊరు దాటి, మిరపచేలు దాటి, పెద్దరోడ్డు వదలి మట్టిదారిలో రెండుకిలోమీటర్లు పోయి మమ్ము దింపినది. వరుసలు వరుసలుగా ఇండ్లు. కొన్ని పూర్తియైనవి, కొన్ని గోడలతో నిలిచినవి, కొన్ని పునాదితోనే గడ్డిమొలచినవి. పూర్తియైనవానిలోను చాలవానికి తాళములు. ఆమె తాళము తీసి, ఇల్లూడ్చి, గడపకు పసుపు పూసి, తులసికి నీరుపోసి, వేపమొక్కకు మఱి రెండుచెంబులు పోసి, అరగంట గోడకానుకొని కూర్చుండి, మరల తాళము వేసినది. ప్రతి యాదివారము నింతే. "ఉండకుండా వదిలేస్తే తీసేసుకుంటారంటున్నారక్కా. అందుకే వచ్చి దీపం పెట్టి పోతుంటా" అన్నది. గోడలు బాగుగనే యున్నవి. భర్త తన చేతులతో కట్టినవి. ఆ యింటిలో దోషము లేదు. దోషము దారిలో నున్నది.

ఈ యిల్లు ఆమెకెట్లు వచ్చెనో చెప్పవలెను. 2020వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన రాష్ట్రమంతట పేదలకు ఇంటిస్థలముల పట్టాలిచ్చుట ఆరంభమైనది. సుమారు 30 లక్షల కుటుంబములకు, అన్నియు స్త్రీల పేరుననే. ఈ యొక్కమాట మన మూరక దాటిపోరాదు. మన అమ్మమ్మల కాలమున స్త్రీ పేరున నుండిన స్థిరాస్తి యనగా పసుపుకుంకుమల క్రింద పుట్టినింటివా రిచ్చిన కుంటచెక్కయే, అదియు ఎందఱికో లేదు. అట్టిచోట లక్షలకొలది పట్టాలు ఇల్లాండ్ర పేర నెక్కుట చిన్నసంగతి కాదు. పట్టణపు పేదలకు 1 సెంటు, పల్లెలవారికి 1½ సెంటు చొప్పున స్థలము. ఇల్లు కట్టుకొనుటకు 1 లక్ష 80 వేల రూపాయల సాయము. 1 సెంటనగా 48 చదరపుగజములకు కొంచె మెక్కువ. 2024లో వచ్చిన ప్రభుత్వము పట్టణములలో 2 సెంట్లు, పల్లెలలో 3 సెంట్లు ఇత్తుమన్నది. 1 సెంటు చాలదన్న మాట నిజమే. అందు మంచము వేసిన మనిషికి చోటులేదు. కాని నాకు తోచిన దొకటి చెప్పెదను. తలకు రెండుసెంట్ల చొప్పున నేలమీద పఱచుకొని పోయినకొలది ఊరు మఱింత దూరమగును. అంత స్థలము ఊరిలో దొరకదు, దొరికినను కొనలేరు. కాబట్టి కొలత పెరిగినప్పుడెల్ల కాలనీ మఱియొక పొలము దాటి పోవుచుండును.

ఇప్పుడు మన యిల్లాలి పద్దు చూతము. నేను పెన్సిలు తీసికొని ఆమె యెదుటనే వ్రాసితిని. ఆటోకు పోనురాను 40 రూపాయలు. నెలకు 25 దినముల పని: 1,000 రూపాయలు. ఏడాదికి 12,000. పదునైదేండ్లకు 1 లక్ష 80 వేలు! ప్రభుత్వము ఇల్లు కట్టుకొమ్మని యిచ్చిన సొమ్మెంతయో, పదునైదేండ్లలో ఆమె ఆటోవానికి సరిగా నంతయు నిచ్చును. ఇది ఆమె యొక్కతెకే. కూతురు కాలేజీకి పోవు ఖర్చును కలిపినచో ఏడున్నర యేండ్లకే చెల్లు. డబ్బు సంగతి యిది. ఇక పొద్దు. ఆటోకై నిలుచుట, అది నిండుట, పోవుట, మరల వచ్చుట అన్నియు కలిసి దినమునకు గంటన్నర. ఏడాదికి 300 దినములనుకొన్నచో 450 గంటలు. ఎనిమిదిగంటల దినములుగా లెక్కించిన 56 పనిదినములు. ఈ 56 దినములు ఏ లెక్కపుస్తకములోను లేవు. మగవానికి సైకిలో, మోటారుసైకిలో యుండును. తాపీవానికి పని యేయూర దొరికిన ఆ యూరు పోవును. పొయ్యి ముట్టించి, నీళ్లు పట్టి, పిల్లను లేపి, క్యారియరు కట్టి, ఏడుగంటలకు ఆసుపత్రి చేరవలసినది ఇల్లాలే గదా!

వారు ఇల్లు పూర్తిచేసి గృహప్రవేశము చేసిరి. పదునొకండు నెలలు అచ్చటనే యుండిరి. రాత్రిపనినాడు ఎనిమిదిగంటలకు డ్యూటీ దిగినచో ఆటో లేదు. భర్త వచ్చువఱకు ఆసుపత్రి మెట్లమీద కూర్చుండెడిది. అదియు ఓర్చుకొన్నది. పిల్ల పదవతరగతి ప్యాసై ఇంటరులో చేరినది. సాయంకాలము క్లాసులు ముగిసి, మట్టిదారిమీద ఆ రెండుకిలోమీటర్లు చీకటిలో నడిచి వచ్చుట. ఒకనాడు ఎవరో వెంటబడిరి. ఆ రాత్రి భర్త, "చదువు మానిపించుదము" అన్నాడు. ఈమె, "ఇల్లు మానేద్దాం" అన్నది. మఱునెలలో మా బంధువుల పెరటిగదిలో దిగిరి. సొంతయింటి కలగని, కట్టి, తాళము వేసి, అద్దెకు వచ్చిన కుటుంబ మిది. ఆ కాలనీలో తాళము పడిన ప్రతి యింటివెనుకను ఇట్టి కథయే యుండునని నేననను. కాని ఆమె నాకు చూపిన యాఱు తాళములలో నాలుగింటి కథ యించుమించుగా నిదే.

ఇక్కడ నొక సోదరి యడుగవచ్చును: ఇప్పుడు స్త్రీలకు బస్సులో చార్జీ లేదు గదా, యని. నిజమే. 2025వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీశక్తి పథకము క్రింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలు ఉచితముగా పోవచ్చును. గొప్ప యుపకారము. నేను స్వయముగా ఆధారుకార్డు చూపి సున్నా రూపాయల టిక్కెట్టు పుచ్చుకొని మురిసితిని. కాని బస్సే రాని కాలనీకి ఉచితబస్సు వలన ప్రయోజనమేమి? బస్సుస్టాండునకు నడకదూరమున నున్న స్త్రీకి గుంటూరును సత్తెనపల్లియు పైసలేక చేరువైనవి. అయిదారు మైళ్ల యవతల, రోడ్డునకు లోపలగా నున్నదానికి ఆ బస్సెక్కుటకే 20 రూపాయల ఆటో కావలెను. అనగా ఈ పథకము వచ్చినతరువాత బస్సుస్టాండు ప్రక్కన నివాసమునకు విలువ మఱింత పెరిగినదన్నమాట. ఆ విలువ యెవరికి దక్కవలెననునదే నా ప్రశ్న.

పట్టణముల నడుమ ప్రభుత్వపు నేల లేదా? కలదు. నరసరావుపేట పురపాలకసంఘము 1915 నాటిది. గుంటూరునుండి వచ్చు రైలు అంతకు ముందునుండియు ఆ యూరిమీదుగనే పోవుచున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీన పలనాడు జిల్లా యేర్పడి, నరసరావుపేట జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఇట్టి పాతయూళ్లలో పురపాలకసంఘమునకు చెందిన పాతసత్రపుస్థలములు, సంతబయళ్లు, మూతపడిన కార్యాలయముల ఆవరణలు, కూలిన క్వార్టర్లు అచ్చటచ్చట నుండుట మీరెఱుగుదురు. అవి యేమగుచున్నవి? దుకాణముల వరుసలగుచున్నవి. అద్దె వచ్చునుగదా యని కౌన్సిలువారి తలంపు. ఆర్టీసీ కూడ తన స్థలములను వాణిజ్యభవనములకు దీర్ఘకాలపు లీజున కిచ్చుచుండును. అంగడికి బస్సుస్టాండు ప్రక్కన చోటు కావలెను, అంగడిలో ఊడ్చు మనిషికి మాత్రము ఏడుకిలోమీటర్ల యవతల చాలును!

నేల ఖరీదెక్కువ యన్న వాదమును నేను తోసివేయను. కాని లెక్క వేయుదము. ఊరి వెలుపల ఎకరములో సెంటుచొప్పున పంచిన, దారులు, కాలువలు పోగా అఱువది యిండ్లు పట్టుట కష్టము. ఊరిలోని ఎకరములో, సగముకన్న యెక్కువ నేలను ఖాళీగా వదలి, మిగిలినదానిపై క్రింది యంతస్తును, దానిపై మూడంతస్తులును వేసి, ఇంటికి మెట్లు వరండాలతో కలిపి 400 చదరపుటడుగులు పెట్టుకొన్నను 170 ఇండ్లు వచ్చును. అనగా ఊరిలోని నేల మూడింతల ధర పలికినను ఒక్కొక్క యింటి వంతునకు పడు నేలఖరీదు ఇంచుమించుగా సమానమే. అది ప్రభుత్వపు నేలయేయైనచో క్రొత్తగా కొననేల? పైగా ఊరిలో నీటిగొట్టము, కరెంటుస్తంభము, మురుగుకాలువ, బడి, ఆసుపత్రి ఇదివఱకే యున్నవి. కాలనీకి అవన్నియు క్రొత్తగా కొనిపోవలెను. కొనిపోవుట ఎంత యాలస్యమగునో టిడ్కో యిండ్ల కథ చెప్పును.

అంతస్తులుగా కట్టుట మనకు క్రొత్త కాదు. 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన క్రింద టిడ్కో యను ప్రభుత్వసంస్థ 300, 365, 430 చదరపుటడుగుల కొలతలలో ఇట్టి యిండ్లే అనేక పట్టణములలో, మన జిల్లాలోని చిలకలూరిపేటతో సహా, కట్టించినది. 300 అడుగుల యిల్లు ఒక్కరూపాయికే యిచ్చునట్లు తరువాత నిర్ణయమైనది. గోడలు లేచినవి, రంగులు వేసినవి. నీరు, మురుగు, దారి లేక పెక్కుచోట్ల ఏండ్లతరబడి తాళములతో నిలిచినవి. నిలువుగా కట్టి, ఊరి వెలుపల పెట్టినచో ఎత్తు వలన వచ్చిన లాభము దూరమునకే చెల్లును. చిలకలూరిపేటకు రైలు లేదు. అచ్చటివారికి బస్సే సర్వము. అట్టియూర బస్సుస్టాండు నడకలో నుండుట యెంత యవసరమో నేను చెప్పనక్కఱలేదు.

కేంద్రప్రభుత్వము 2017లో ఒక విధానమును ప్రకటించినది. పెద్ద రవాణా స్టేషన్లకు 500 మొదలు 800 మీటర్ల లోపల, అనగా పదినిమిషముల నడకలో, నివాసములను దట్టముగా కట్టవలెననియు, అందు పేదలకును చోటుండవలెననియు దాని సారాంశము. అది మెట్రోరైళ్లు గల మహానగరముల కొఱకు వ్రాసినట్లుండును. అయిన నేమి? గురజాలకు, మాచర్లకు బస్సుస్టాండే మెట్రో! మాచర్ల రైలుదారి అంతటితో నాగిపోవును. రైళ్లు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. రెంటచింతల యెండలు మీరెఱుగనివి కావు. ఆ యెండలో పదినిమిషముల నడక వేఱు, గంటనడక వేఱు.

ఈ మాటలన్నియు మా బంధువుల వీధియరుగుమీద చెప్పితిని. చుట్టుప్రక్కల యాడువారు విడిచిపెట్టిరా? "అంతస్తులో మిరపకాయలెక్కడ ఎండబోసుకుంటారమ్మా?" అని యొకతె. "వడియాలు?" అని యింకొకతె. "మోకాళ్లనొప్పుల ముసలమ్మ మూడోమెట్టు ఎక్కగలదా? పైవాళ్ల స్నానపునీళ్లు కిందవాళ్ల గోడలో దిగితే ఎవరు బాగుచేయిస్తారు? మోటారు కాలిపోతే ఎవరు డబ్బులేస్తారు?" "మరి మా మేకపిల్ల?" అని పెరటిగది యిల్లాలే యడిగినది. ఈ ప్రశ్నలను ఇంజనీర్లు కాగితముమీద గీయునప్పుడు అడుగరు. అడిగినచో సగము టిడ్కో భవనములు వేఱువిధముగ నుండెడివి. మిరపకాయలకు, వడియాలకు డాబా అందఱిదిగా నుంచి, మెట్లతలుపునకు తాళము వేయకున్న చాలును. క్రిందియిండ్లు ముసలివారికిని, నడువలేనివారికిని, గర్భిణులకును కేటాయించుట కష్టము కాదు. మోటారునకు, మెట్లకు, మురుగునకు సొమ్మెక్కడిదనునది మాత్రము గట్టిప్రశ్న. రోడ్డువైపు క్రిందివరుసలో పురపాలకసంఘమే దుకాణములు కట్టి, వాని యద్దెలో కొంతభాగము ఆ భవనముల మరమ్మతునకే యని కట్టుదిట్టము చేయవచ్చును. కౌన్సిలువారి కద్దెయు పోదు, ఇల్లాండ్రకు నీడయు దొరకును. మేకపిల్లకు మాత్రము నావద్ద జవాబు లేదు. మేకనే నమ్ముకొన్నవారికి ఊరిచివఱి స్థలమే మేలు. వారి కదే యీయవలెను. అందఱిని ఒక్కమూసలో పోయుట యెందుకు?

పేదలకు ఊరినడుమ నేలనిచ్చి కట్టుట ఎచ్చటనైన జరిగినదా యని మీరడుగుదురు. ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నాలో జరిగినది. మొదటి ప్రపంచయుద్ధము తరువాత ఆ నగరమున ఇండ్లకఱవు భయంకరముగ నుండెను. ఒక్కొక్క గదిలో రెండుసంసారములు, పగలు ఒకరు రాత్రి యొకరు పడుకొను మంచములు. 1923లో నగరపాలకులు ఇండ్లపన్ను నొకదానిని విధించిరి. చిన్నయింటివానికి కొంచెము, పెద్దమేడలవానికి చాల హెచ్చు. ఆ సొమ్ముతో నగరపు సొంతనేలపై 1934 నాటికి అఱువదివేల వఱకు ఇండ్లు కట్టిరి. వానిలో పేరుపొందినది కార్ల్ మార్క్స్ హోఫ్ అను మహాభవనము. 1927 మొదలు 1930 వఱకు కట్టినది, 1,382 ఇండ్లు, పొడవు కిలోమీటరునకు పైబడును. సరిగా హైలిగెన్‌స్టాట్ రైలుస్టేషను ఎదుటనే! ఇంత భవనమైనను మొత్తము స్థలములో అయిదవవంతుకన్న తక్కువలోనే గోడలు. మిగిలినదంతయు చెట్లు, పిల్లలాడుకొను నాలుగువాకిళ్లు.

నాకు దానిలో నన్నిటికన్న నచ్చినది చాకిరేవు. నిజముగా, పెద్ద బట్టలుతుకుశాలలు! యంత్రములతో వేడినీటితో, ఒక్కొక్క యింటికి వంతుదినము. వానితోపాటు స్నానశాలలు, పసిపిల్లలను విడిచిపోవుటకు శిశువిహారములు, గ్రంథాలయము, దంతవైద్యశాల, మందులదుకాణము. కూలికి పోవు తల్లి బిడ్డను క్రింద దింపి, రోడ్డుదాటి రైలెక్కినది. ఆ భవనము నేటికి నిలిచియున్నది, జనమున్నారు. వియన్నా నగరపాలకసంఘమునకు ఇప్పుడును సుమారు 2 లక్షల 20 వేల సొంతయిండ్లు కలవు, అద్దెకిచ్చినవి. అమ్మలేదు, పంచిపెట్టలేదు, అద్దెకే యుంచిరి. ఈ యద్దె సంగతి మనవారు ఆలోచింపవలెను. మన ప్రభుత్వములు పట్టాయే యిచ్చును గాని చౌకయద్దె యింటిని గుఱించి చాలకాలము తలపెట్టలేదు. 2024లో ఆరంభమైన ఆవాస్ యోజన రెండవవిడతలో అద్దెయిండ్లకును ఒక విభాగ మున్నది. పెరటిగది యిల్లాలివంటివారికి పట్టాకన్న ముందు కావలసినది, బస్సుస్టాండునకు నడకలో, వేయిరూపాయల కొక గట్టిగది.

వియన్నా యెక్కడ, పలనాడెక్కడ అందురేమో. హైదరాబాదు దగ్గఱదే గదా! 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరమును ముంచెత్తిన తరువాత, 1912లో నిజాముప్రభుత్వము నగరాభివృద్ధి బోర్డు నేర్పఱచి, గాలిలేని యిఱుకుపేటలను తీసివేసి, నగరములోనే వరుసయిండ్లు కట్టించి తక్కువయద్దెల కిచ్చినది. నాంపల్లి మొదలగుచోట్ల ఆ పని జరిగినది. నాంపల్లి రైలుస్టేషను 1907 నాటిదే. పేదవానిని ఊరి బయటికి తోయక, ఊరిలోనే మంచియింట నుంచుట తెలుగుగడ్డకు తెలియని విద్య కాదన్నమాట.

కాని చౌకగా దొరకిన ప్రభుత్వపు నేల యంతయు ఇంటికి పనికివచ్చునని భ్రమపడరాదు. చెఱువుశిఖము, వాగుపోరంబోకు, కాలువగట్టు వదలవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరమును దినములతరబడి నీటిలో నుంచినది మఱవలేదు గదా; పేదలకాలనీ లెన్నియో ఆ పల్లమునందే కలవు. దేవాదాయపు మాన్యములు వేఱు, వానిజోలికి పోరాదు. రైల్వేవారి నేల రైల్వేవారిది, ఆర్టీసీవారిది ఆర్టీసీది. పురపాలకసంఘము అడుగవలెను, వా రియ్యవలెను. అడుగుటకు సిగ్గేల?

మఱియొక సంగతి పలనాటివారు తొందరగా గమనింపవలసినది. నడికూడి నుండి శ్రీకాళహస్తి వఱకు 309 కిలోమీటర్ల క్రొత్తరైలుదారి వేయుచున్నారు. పిడుగురాళ్లనుండి శావల్యాపురము వఱకు గల మొదటిముక్క పూర్తియైనది. రొంపిచర్ల వంటి యూళ్లకు ఎన్నడు లేని రైలుస్టేషను వచ్చినది. ఇప్పుడా స్టేషన్ల చుట్టును పొలములే. రేపు రైళ్లు పెరిగిన తరువాత ప్లాట్లవారు వచ్చి రంగురాళ్లు పాతుదురు. అటుపిమ్మట అచ్చట పేదలకు సెంటుకాదుగదా, గజమైన దొరకదు. ఇప్పుడే, ధర పెరుగక మునుపే, స్టేషనునకు నడకదూరమున కొన్నియెకరములు ప్రభుత్వము తీసి యుంచిన, పదేండ్లకు అక్కఱకు వచ్చును.

అడ్డు నేలయే కాదు. అసలైన యడ్డు నాకు మా బంధువుల వీధియరుగుమీదనే కనబడినది. అంతవఱకు తల యూచిన యొక పెద్దావిడ, "అదంతా బాగానే ఉందమ్మా, కానీ మా వీధి పక్కనెందుకు?" అన్నది. ఎవరెవరు వత్తురో, ఏ కులమువారో, మెట్లదగ్గఱ ఏమి కలహములో యని ఆమె భయము. ఆమె యింట అంట్లు తోమువారు, ఆమె మనుమని ఆసుపత్రిలో ఎత్తుకొన్నవారు, వారే వత్తురని చెప్పితిని. ఆమె మాటాడలేదు. ఈ సీమయందే గదా బ్రహ్మనాయుడు అందఱిని ఒకచాపమీద కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించినాడని ఏటేట కారంపూడిలో ఉత్సవము చేయుదురు! ఒక పంక్తిని భుజించిన కథకు మ్రొక్కుదుము, ఒక వీధిలో నివసించుటకు జంకుదుము. ఆ పెద్దావిడను నేను తప్పుపట్టను. నాలోను ఆ జంకు కొంత యున్నదని ఆ రాత్రి తెలిసికొంటిని.

పలనాటికి ఇంటిసామగ్రికి కఱవు లేదు. మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నము, మన సున్నపురాతినుండి పుట్టు సిమెంటు ఎన్నియో యూళ్లలో ఇండ్లై నిలిచినవి. కావలసినది పురపాలకసంఘములలో ఈ మాట యెత్తువారు. ఆంధ్రప్రదేశ్‌లో స్థానికసంస్థల స్థానములలో సగము స్త్రీలకు కేటాయించినారు. మీ వార్డు కౌన్సిలరు స్త్రీయే యైయుండవచ్చును. ఆమె వచ్చిన దినమున కాఫీ యిచ్చి, ఈ రెండుప్రశ్న లడుగుడు. పురపాలకసంఘపు సొంత నేల బస్సుస్టాండునకు, స్టేషనునకు నడకలో ఎన్ని సెంట్లున్నది? అది యిప్పు డెవరి చేతిలో నున్నది, ఎంత యద్దెకు? ఆమెకు తెలియకున్న ఆస్తులరిజిస్టరు చూడుమనవలెను. చూపకున్న 2005 నాటి సమాచారహక్కుచట్టము క్రింద ఒక తెల్లకాగితము వ్రాసిన చాలును, ముప్పదిదినములలో జవాబీయవలెను. చాలమందికి ఈ చట్టము పత్రికలలో చదువుటకే యున్నది. నేనును మొన్నటివఱకు అంతే.

ఇది క్రొత్తగా కట్టబోవు యిండ్ల మాట. కట్టి తాళము వేసిన యిండ్ల గతి? వానిని ఊరికి మోసికొని రాలేము; ఊరినే వానివద్దకు తేవలెను. అనగా బస్సు. ఉదయము ఆఱున్నరకు ఒకటి, సాయంకాలము కాలేజీ విడిచినప్పు డొకటి, రాత్రి ఎనిమిదిన్నర కొకటి. మట్టిదారికి రాయి, నాలుగు వీధిదీపములు. ఇంతే యడుగుచున్నారు ఆ కాలనీ యిల్లాండ్రు. నేను బయలుదేఱు దినమున పెరటిగది యిల్లాలు నాచేత నొక యర్జీ వ్రాయించినది. ఆమెకు చదువు తక్కువ గాని ఏమి వ్రాయవలెనో నాకన్న బాగుగ తెలియును. "ఉచితబస్సు ఇచ్చినందుకు సంతోషమని మొదట రాయక్కా, తరవాత మాకు బస్సు లేదని రాయి" అన్నది. అట్లే వ్రాసితిని. నలువదియిద్దఱు సంతకములు, వేలిముద్రలు పెట్టిరి. అందు తాళములు వేసి పోయినవారి పేర్లును కలవు, తిరిగి వత్తుమని. కూతురు దానిని చక్కగా తిరుగవ్రాసి, డిపోలో నిచ్చి రసీదు తెచ్చినది. రెండునెలలైనది. జవాబు వచ్చిన వెంటనే ఈ పుటలోనే తెలుపుదును.